గీజర్ ప్లగ్ మాడితే: కొత్త సాకెట్టా, ప్లగ్ లేని డీపీ స్విచ్చా?

చలి మొదలైతే చాలు, తెలిసినవాళ్ల నుంచి ఇదే ప్రశ్న: గీజర్ ప్లగ్ నల్లబడింది, సాకెట్ మారిస్తే సరిపోతుందా, ప్లగ్ తీసేసి వైరును నేరుగా డీపీ స్విచ్‌కు (డబుల్ పోల్, అంటే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ తెంచే స్విచ్) కలిపించాలా? మా ఇంటి 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కు పోయిన డిసెంబరులో నేను రెండోదే చేయించాను.

ఆ రోజు రెండు స్నానాలయ్యాక ప్లగ్ మీద చేయి నిలవలేదు. మెయిన్ ఆపి, చల్లారాక లాగి చూస్తే ఒక పిన్ను ఇత్తడి మెరుపు పోయి నల్లగా కమిలింది. దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి బుడగలు కట్టింది. పక్క పిన్ను నిగనిగలాడుతూనే ఉంది. రెండింటిలోనూ పారేది ఒకే కరెంటు. ఒక్కటే మాడిందంటే లోపం గీజర్‌లో కాదు, ఆ పిన్ను పట్టులో ఉన్నట్టు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఈ పట్టు సంగతే. 230 వోల్టుల దగ్గర 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్ దాన్ని మోయగలదు. కానీ లోపల పిన్నును పట్టి ఉంచే రేకు కాస్త వదులై 0.1 ఓం నిరోధం చేరినా, శనగగింజంత చోట 17 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి రేకు ఇంకా సాగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడే స్విచ్) పడదు, కరెంటు పెరగలేదు కాబట్టి. షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ కూడా పడదు, అది చూసేది కరెంటు లీకేజీని మాత్రమే. ముందుగా పసిగట్టేది మన ముక్కూ చేయీ.

కొత్త సాకెట్, కొత్త ప్లగ్ రెండూ కలిపి మారిస్తే ఖర్చు తక్కువ, సర్వీసుకు గీజర్ విప్పడం తేలిక. 2 కిలోవాట్ల స్టోరేజీ గీజర్‌కు, అంటే 9 ఆంపియర్ల లోపు, ఇది చాలు. సాకెట్ ఒక్కటే మార్చి మాడిన పిన్నునే అందులో గుచ్చితే కొత్తదీ మాడుతుంది.

రోజూ నలుగురు వాడే 3 కిలోవాట్ల గీజర్‌కు మాత్రం నా మాట డీపీ స్విచ్. రేకు పట్టు అనేదే ఉండదు, అన్నీ స్క్రూ బిగింపులే. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగుతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల డీపీ స్విచ్, వైరు చివరి పోగులకు లగ్గులు (నొక్కి బిగించే లోహపు తొడుగులు) వేయించండి. వారంటీ ఉంటే ప్లగ్ కోసే ముందు కంపెనీవాళ్లను అడగండి.

ఏది ఎంచుకున్నా, మాడిన వైరు కొసను అలాగే బిగించనివ్వకండి. మెరిసే రాగి కనిపించేదాకా కోయాలి, పొట్టి అయితే కొత్త వైరు లాగాలి. పాత ఇంట్లో అల్యూమినియం వైరుంటే దానికి రాగిని మెలిపెట్టి టేపు చుట్టడం ప్రమాదం. ఎర్త్ తప్పనిసరి. మెయిన్ ఆపాక కూడా టెస్టర్‌తో చూడకుండా తీగ ముట్టుకోవద్దు. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌దే.

ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎక్కువ ఆంపియర్ల ఎంసీబీ: రెండూ వద్దు.

పని అయ్యాక గీజర్‌ను పావుగంట నడిపి, ఆపి, స్విచ్ పలక మీద పొడిచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి నిలవకపోతే ఎలక్ట్రీషియన్‌ను అప్పుడే వెనక్కి పిలవండి, అప్పటిదాకా గీజర్ వేయకండి.