మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాస్ప్‌బెర్రీ పై 4: నింద బోర్డుకు, తప్పు డ్రైవరుది

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల కంట్రోల్ ప్యానెళ్లు చూసుకోవడం నా పని. గదుల ఉష్ణోగ్రత నమోదు చేయడానికి, ఫ్యాన్ల రిలేలు (కరెంటు సంకేతంతో పనిచేసే స్విచ్‌లు) వేయడానికి, తలుపు తెరిచి ఉంటే బజర్ మోగించడానికి కొన్నేళ్లుగా రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ బోర్డు వాడుతున్నాను. ఇది కొనదగిన బోర్డే. "పై 3 నయం, పై 4 నిలబడదు" అని మన మెకానిక్కులు అనడం తరచూ వింటుంటాను. నేను చూసినంతవరకు నిలబడనిది బోర్డు కాదు, దాని మీద ఎక్కించిన పాత డ్రైవరు, అంటే రిలే కార్డును నడిపే ప్రోగ్రామ్.

మా రిలే కార్డు పై 3 మీద ఏ పేచీ లేకుండా నడిచింది. కార్డు అమ్మినవారు ఇచ్చిన డ్రైవరునే పై 4 కోసం మళ్లీ కంపైల్ చేశాం. ఎక్కింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. కానీ ఒక్క రిలే కూడా టక్కుమనలేదు. పైగా అప్పుడప్పుడు తెర మీద చారలు, ఉన్నట్టుండి బోర్డు బిగుసుకుపోవడం. అమ్మినవారికి ఫోను చేస్తే అడాప్టరు మార్చమన్నారు. ఈ రంగంలో ఏ జబ్బుకైనా మొదటి మందు అదే కదా! మార్చినా గుణం లేదు.

సోర్సు తెరిస్తే అందులో చేత్తో రాసిన చిరునామా ఒకటి కనిపించింది. హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా అంకెలు రాసే పద్ధతిలో) 3ఎఫ్200000. పై 2, పై 3లలో జీపీఐఓ (బోర్డు పిన్నులను నడిపే భాగం) రిజిస్టర్లు, అంటే ఆ పిన్నులకు ఆదేశాలు రాసే గడులు, ఉండేది అక్కడే. మొట్టమొదటి పైలో అవి 20200000 దగ్గర ఉండేవి, పై 4లో ఎఫ్‌ఈ200000కు వెళ్లాయి. మూల చిరునామా మారుతూ వచ్చింది, అక్కడి నుంచి 200000 దూరం మాత్రం మారలేదు. గుంటూరు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. బ్రాడీపేటో అరండల్‌పేటో రాయకపోతే ఉత్తరం ఎవరింటికి చేరుతుంది? దీనికి తోడు చిప్ పత్రాలలో 7ఈ200000 అని వేరే అంకె ఉంటుంది. అది చిప్ లోపలి బస్ చిరునామా, ప్రాసెసరు వాడేది కాదు. దాన్ని చూసి కోడ్ రాసేవారూ లేకపోలేదు.

మరి పై 4లో 3ఎఫ్200000 దగ్గర ఏముంది? మామూలు ర్యామ్. మొదటి 1 జీబీలో చివరి భాగాన్ని గ్రాఫిక్స్ ఫర్మ్‌వేరు తన కోసం ఉంచుకుంటుంది, ఈ చిరునామా అందులోనే పడుతుంది. రిలే వేస్తున్నాననుకుని డ్రైవరు ఆ ర్యామ్‌ను చెరిపేస్తోంది. చారలకూ బిగుసుకుపోవడానికీ అదే మూలమని అప్పుడు తెలిసింది. తేల్చుకోవడానికి చిన్న పరీక్ష చాలు. జీపీఐఓ సెట్ రిజిస్టరు రాయడానికే ఉన్నది, తిరిగి చదివితే మనం రాసిన విలువ రాదు. ఇక్కడ ఏ అంకె రాస్తే ఆ అంకే బుద్ధిగా తిరిగి వచ్చింది. అలా గుర్తుపెట్టుకునేది ర్యామే.

మూల చిరునామా మార్చగానే రిలేలు టక్కుమన్నాయి. కథ అంతటితో ముగియలేదు. "ఏమండీ, తలుపు మూసే ఉంది, ఈ పెట్టె తెరిచి ఉందంటుందేమిటి?" అని సూపర్‌వైజరు గారి ఫోను. పై 4లో పుల్-అప్ (ఏ సంకేతమూ లేనప్పుడు పిన్నును ఆన్ స్థాయిలో నిలిపేది) పెట్టే పద్ధతే వేరు. పాత చిప్‌లలో జీపీఐఓ రిజిస్టర్ల మొదలు నుంచి 94 దగ్గరున్న రిజిస్టరుతో, గడియార సంకేతం ఇస్తూ చేసే పని అది. కొత్త చిప్‌లో ఈ4 నుంచి మొదలయ్యే నాలుగు రిజిస్టర్లకు నేరుగా రాయాలి. డ్రైవరు పాత పద్ధతిలోనే రాస్తోంది కాబట్టి తలుపు స్విచ్ పిన్ను ఎటూ కాకుండా తేలుతోంది.

ఒక అంకె తీసి ఇంకో అంకె పెట్టడం మరమ్మతు అనిపించుకోదు. 2023లో వచ్చిన పై 5లో జీపీఐఓ ప్రధాన చిప్‌లోనే లేదు, పీసీఐఈ అనే లింకు అవతల ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లోకి వెళ్లింది. అందుకే చిరునామాలన్నీ తీసేసి, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఇచ్చే జీపీఐఓ ఇంటర్‌ఫేస్ ద్వారానే పిన్నులు అడిగేలా డ్రైవరు తిరగరాశాం. ఏ బోర్డులో ఏది ఎక్కడుందో డివైస్ ట్రీ అనే హార్డ్‌వేర్ పట్టిక చూసి కెర్నెల్ తేల్చుకుంటుంది. పుల్-అప్ కూడా దాని బాధ్యతే.

ఆ తర్వాత పై 4తో నాకు పెద్ద గొడవలు లేవు. ప్యానెల్ పెట్టె శీతల గది బయట ఉంటుంది కాబట్టి మే నెలలో చిన్న ఫ్యాను తప్పదు. చిప్ వేడి 80 డిగ్రీలు దాటితే వేగం తనంతట తానే తగ్గించుకుంటుంది. కరెంటు పోయి వస్తుంటే మెమరీ కార్డులు పాడవుతాయి, లాగ్‌లను యూఎస్‌బీ డిస్క్‌లోకి మళ్లించడం మేలు. బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేని గోదాముల్లో కరెంటు పోయి వచ్చాక ఉష్ణోగ్రతల పక్కన తప్పు సమయం పడుతుంది. మిర్చి రైతుకు లెక్క చూపాల్సిన చోట అది కుదరదు, డీఎస్3231 గడియారం మాడ్యూల్ విడిగా కొని తగిలించాలి.

రిలే కార్డు కొనేటప్పుడు మాత్రం ధర కంటే ముందు డ్రైవరు సోర్సు ఇస్తారా అని అడగండి. మాకు సోర్సు చేతిలో ఉండబట్టే పని అయింది, లేకుంటే ఇప్పటికీ అడాప్టర్లు మారుస్తూ ఉండేవాళ్లం.