చవక టేబుల్ సాకి సన్నకోత బ్లేడ్: చాలాకాలం వాడాక నా మాట

టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి పైకి వచ్చే గుండ్రటి బ్లేడ్‌తో చెక్క కోసే మెషీన్. దానికి బ్లేడ్ మార్చాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది పళ్లు ఎన్ని అని. నన్నడిగితే ముందు చూడాల్సింది కోత మందం, అదే కెర్ఫ్. నాది పది అంగుళాల బ్లేడ్ పట్టే చవక సా, మామూలు యూనివర్సల్ మోటార్, అంటే చేతి డ్రిల్లుల్లో ఉండే రకం చిన్న మోటార్. దాంతోపాటు వచ్చిన బ్లేడ్ 3.2 మిల్లీమీటర్ల మందాన కోసేది. దాన్ని తీసేసి 2.4 మిల్లీమీటర్ల సన్నకోత బ్లేడ్, 24 పళ్లది, బిగించినప్పటి నుంచి ఈ మెషీన్ అంటే నాకు నిజంగా ఇష్టం ఏర్పడింది.

తేడా మొదట చెవికే తెలిసింది. రెండంగుళాల టేకు చెక్కని నిలువునా చీలుస్తుంటే పాత బ్లేడ్‌తో సగంలోనే మోటార్ శబ్దం పడిపోయేది, నెట్టడం ఆపాలి, మళ్లీ స్పీడ్ అందుకునేదాకా చూడాలి, అలా ఆగిన చోటల్లా అంచు మీద మాడిన మచ్చ. కొత్తదాంతో ఆ మూలుగు పోయింది. లెక్క సులువే: 3.2 నుంచి 2.4కి దిగితే పొట్టయ్యే చెక్క నాలుగో వంతు తగ్గుతుంది, మోటార్‌కి ఆ మేరకు శ్రమ తప్పుతుంది. పళ్లు తక్కువ ఉండటం కూడా ఇక్కడ మంచికే, ఎందుకంటే పంటికీ పంటికీ మధ్య గుంట పెద్దదై పొట్టు అందులో కూరుకుపోకుండా బయటికి వచ్చేస్తుంది. నున్నగా వస్తుంది కదా అని మందపాటి చెక్కని 60 పళ్లదాంతో చీల్చబోతే చిన్న మోటార్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

అయితే సన్నకోత అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. ఇది అందరూ వినాలి. ప్లైవుడ్ పని కోసం ఇంకో కంపెనీది 60 పళ్ల బ్లేడ్ తెప్పించాను, మరీ సన్నం, కోత 1.8 మిల్లీమీటర్లు. బిగించి ముక్క నెట్టాను, కోత బ్రహ్మాండంగా మొదలైంది, బ్లేడ్ వెనక అంచు దాటీ దాటగానే ముక్క టక్కున ఆగిపోయింది. నెడితే కదలదు. వెనక్కి లాగుదామంటే బ్లేడ్ తిరుగుతూనే ఉంది, పళ్లు పట్టుకున్నాయంటే ముక్క నేరుగా మనిషి మీదికే ఎగురుతుంది. ముక్కని ఫెన్స్‌కి, అంటే చెక్క నిటారుగా సాగేలా పక్కన ఆనించే పట్టీకి, అదిమిపట్టి, మోకాలితో స్విచ్ ఆపి, బ్లేడ్ పూర్తిగా నిలిచేదాకా చెయ్యి కదపలేదు. టెన్షన్ అంతా ఇంతా కాదు. ప్లగ్ పీకి వంగి చూస్తే, బ్లేడ్ వెనక నిలబడే రైవింగ్ నైఫ్‌కి ముక్క గుద్దుకుని ఉంది. నైఫ్ మీద 2.2 అని చెక్కి ఉంది. కోత 1.8. ఇక దూరేదెక్కడ?

నా కోపం ఆ పెట్టె మీద. పళ్ల సంఖ్య అరచేయంత అంకెల్లో వేశారు, కోత మందం వెనకవైపు ఓ మూల ఎక్కడో ఉంది, బ్లేడ్ పలక, అంటే పళ్లు కాక మిగిలిన రేకు, మందం అసలు వెయ్యనే లేదు. కొనేవాళ్లకి కావాల్సింది ఈ రెండు అంకెలే కదా. నైఫ్ మందం పలక కన్నా ఎక్కువ, కోత కన్నా తక్కువ ఉండాలి. అప్పుడే చెక్క దాన్ని దాటుకుని పోతుంది, కోసిన సందు మూసుకుపోయి బ్లేడ్‌ని బిగపట్టకుండా అది కాపాడగలుగుతుంది. నైఫ్ తీసేసి కొయ్యి, ఏం కాదు అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వద్దు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. చెక్క వెనక్కి ఎగిరొచ్చే ప్రమాదాన్ని ఆపడానికే దాన్ని పెట్టింది. నేను బ్లేడ్‌నే పక్కన పెట్టేశాను.

ఇక 2.4 బ్లేడ్ గురించి, మొదట్లో నేను చుట్టుపక్కల అందరికీ చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. పలక పలచన కాబట్టి గట్టి చెక్కలో, ముడి వచ్చిన చోట, కొద్దిగా వంగుతుంది. అంచు మీద సన్నటి అల కనిపిస్తుంది, అతికించే ముందు ఓసారి చిత్రిక పట్టక తప్పదు. ప్లైవుడ్‌ని అడ్డంగా కోస్తే అడుగువైపు పెచ్చులు లేస్తాయి, 24 పళ్లకి అది మామూలే. టేకులో ఉండే సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, వల్ల పదును తొందరగానే పోతుంది. ఒక దశలో పూర్తిగా మొద్దుబారిందనుకుని కొత్తది కొనబోయాను, కానీ పళ్ల పక్కన గట్టిపడిన బంకని గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి బాగా ఆరబెట్టాక మాడిన మచ్చలు చాలావరకు తగ్గాయి. ఇప్పుడు సాన పట్టించే ముందు బంక కడగడమే మొదటి పని.

మధ్యలో ఉండే రంధ్రం కొలత, బ్లేడ్ మీద రాసిన గరిష్ఠ స్పీడ్ మన మెషీన్‌కి సరిపోతాయో లేదో ఎలాగూ చూస్తారు.

నా పని ఎక్కువగా చెక్క చీల్చడమే, ప్లైవుడ్ అప్పుడప్పుడు, మోటార్ చిన్నది. ఈ మూడూ మీకూ వర్తిస్తే మీ రైవింగ్ నైఫ్ మీద అంకె చూసి, దానికి సరిపడే సన్నకోత 24 పళ్లది తీసుకోండి. చీల్చడం, అడ్డంగా కోయడం సమానంగా ఉండి, మాటిమాటికీ బ్లేడ్ మార్చే ఓపిక లేకపోతే 40 పళ్లది నయం, మందం చెక్క దగ్గర కాస్త నెమ్మదిగా నెట్టుకోవాలంతే. పెద్ద మోటార్ ఉన్న సా అయితే సన్నకోత జోలికి పోనక్కర్లేదు, దానికి 3.2 బ్లేడే నిటారుగా కోస్తుంది.