ఏనుగు మల్లమ్మ కొండ మీద ఒక రాత్రి

మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ దాదాపు 30 కిలోమీటర్లు. కింద టమాటా తోటలు, క్రేట్లతో నిండిన వ్యాన్లు, చుర్రుమనే ఎండ. ఘాట్ రోడ్డు ఎక్కాక ఏసీ ఆపేసి అద్దాలు దించుకున్నాం. 4,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఈ కొండను ఓ కలెక్టరు ఏరికోరి ఎందుకు ఎంచుకున్నాడో ఆ మలుపుల్లోనే అర్థమైపోతుంది.

ఆయన బ్రిటిష్ కాలపు కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. కడప ఎండలు తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. 1870 ప్రాంతంలో ఆయన ఇక్కడ వేసవి విడిది కట్టించుకున్నాడు, కొండకు ఆయన పేరే నిలిచిపోయింది.

అయితే ఊరి కథ దొరగారితో మొదలవలేదు. అంతకుముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. మల్లమ్మ అనే ఆవిడ ఈ కొండ మీద ఉండేదట, ఏనుగులే ఆమెకు తిండి తెచ్చిపెట్టేవట. కొండ మీది చెంచులకు జబ్బు చేస్తే ఆమే నయం చేసేదట. ఒకరోజు ఉన్నట్టుండి కనిపించకుండా పోయేసరికి, వచ్చింది అమ్మవారేనని నమ్మి పూజించడం మొదలుపెట్టారని చెబుతారు. ఆ మల్లమ్మకు ఇక్కడ గుడి ఉంది. చిన్న గుడే. కానీ కొండ మీద అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం. చాలామంది గాలిబండ మీద ఫోటోలు దిగి, పార్కు చుట్టేసి, సాయంత్రానికల్లా దిగిపోతున్నారు. ఈ కథ చెప్పే మనిషి గాలిబండ దగ్గర ఒక్కరున్నా ఎంత బాగుండేదో!

గాలిబండను తక్కువ చేయడం లేదు. పొద్దున్నే వెళ్తే చున్నీ చేత్తో పట్టుకుని నిలబడాల్సినంత గాలి, కింద చెరువులు, పల్లెలు. బండ అంచున పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.

కల్యాణి అని పేరు పెట్టుకున్న పాత నీలగిరి చెట్టునూ వదిలిపెట్టొద్దు. ఆస్ట్రేలియా జాతి చెట్టు, బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిది. 1995లో మహావృక్ష పురస్కారం కూడా అందుకుంది. ఈ కొండ మీద నీలగిరి ఆకు ఒకటి తీసుకుని నలిపితే, చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ రుమాలు మీద వేసిన తైలం వాసనే.

బసకు టూరిజం వాళ్ళ హరిత రిసార్టు, అటవీశాఖ అతిథి గృహాలు ఉన్నాయి. శని, ఆదివారాల్లో బెంగళూరు వాళ్ళతో నిండిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. మేం దిగినచోట గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే అడవే. గీజరు మాత్రం పొద్దున మొరాయించింది. అడిగితే బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చి ఇచ్చారు, అందుకు విసుక్కోలేదు కూడా. రాత్రి భోజనం ఆర్డరు సాయంత్రమే చెప్పేయాలి, ఆలస్యమైతే ఏమీ దొరకదు. రాగి సంకటి ఉందంటే అదే తీసుకోండి. ఫ్రైడ్ రైస్ జోలికి పోవద్దు.

కొండ కింద మదనపల్లెలో హోటళ్ళు చవకే. కానీ పొద్దుటి మంచు, టూరిస్టు వాహనాలు రాకముందు మల్లమ్మ గుడి చూడాలంటే పైనే పడుకోవాలి. సొంత బండి లేనివాళ్ళు బస్సుల వేళలు మదనపల్లె బస్టాండులో అడిగి తెలుసుకుని ఎక్కండి. స్వెటర్ వేసవిలోనైనా ఒకటి పెట్టుకోండి.