పోర్ట్ లూయిస్‌లో ఓడ ఒక్కరోజే ఆగితే ఏ టూర్ మేలు?

మారిషస్ మీదుగా క్రూయిజ్‌కి వెళ్తూ, ఆ దీవి రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆగుతామని చెప్పే మనవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఉండేది ఒక్కరోజు, ఏం చూడాలి?" ఓడవాళ్లు ఇచ్చే జాబితాలో బీచ్‌లు, పడవ షికార్లు తీసేస్తే, ఆ దీవి చరిత్రను, సంస్కృతిని చూపించేవి ముఖ్యంగా నాలుగు. గంగా తలావ్, ల మోర్న్ కొండ, చక్కెర మ్యూజియం, ఆప్రవాసి ఘాట్. మనవాళ్లు ఎక్కువగా గంగా తలావ్‌కే మొగ్గుతారు. నా ఓటు మాత్రం ఆప్రవాసి ఘాట్‌కే.

గంగా తలావ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన చెరువు, ఒడ్డున గుళ్లు, 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి భక్తులు కాలినడకన కావళ్లు మోసుకుంటూ వస్తారు. కానీ రేవు నుంచి అక్కడికి దాదాపు గంట ప్రయాణం. దానికి చామరెల్ రంగురంగుల మట్టిదిబ్బలు కూడా కలిపి అమ్ముతారు కాబట్టి రోజులో సగం బస్సులోనే గడిచిపోతుంది. దర్శనమే ముఖ్యమనుకునే పెద్దవాళ్లు వెంట ఉంటే సరే, వెళ్లండి.

ల మోర్న్ ఇంకా దూరం. చెరకు తోటల నుంచి పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది, 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఎక్కడానికి తీరిక లేకుండా కింద నుంచి ఫొటో తీసుకుని రావడం నాకు నచ్చదు.

ఆప్రవాసి ఘాట్‌కి అంత ప్రయాణం అక్కర్లేదు, అది పోర్ట్ లూయిస్ రేవులోనే ఉంది. 1834 నుంచి 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది భారతీయ కూలీలు చెరకు తోటల్లో పనికి ఒప్పందాల మీద ఇక్కడికి వచ్చారు. కొందరిని ఇక్కడి నుంచే వేరే దేశాలకు పంపేశారు. ఓడ దిగినవాళ్లు ఎక్కిన పదహారు రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. నల్లరాయి, మామూలు మెట్లు, గొప్ప కట్టడమేమీ కాదు. పక్కనే వంటశాల, ఆసుపత్రి, స్నానాల గదుల ఆనవాళ్లు. వచ్చినవాళ్లలో కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే అక్కడ తెలుగువాళ్లను కోరింగీలు అనేవారు. వాళ్ల వారసుల వల్లే ఈరోజు మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. అదే సముద్రం మీద ఏసీ క్యాబిన్‌లో వచ్చి ఆ మెట్ల ముందు నిలబడితే గుండె బరువెక్కుతుంది.

అక్కడి నుంచి సెంట్రల్ మార్కెట్‌కి కొంచెం నడిస్తే చాలు. ధోల్ పూరీ తప్పకుండా తినండి. బొబ్బట్టు చేసినట్టే ఉడికించిన పప్పు లోపల పెట్టి పల్చగా వత్తుతారు, కాకపోతే బెల్లం ఉండదు. రెండు పూరీల్లో చిక్కుడుగింజల కూర, టమాటా పులుసు, మిరపకాయ పచ్చడి వేసి, చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు. తోటల్లో పనిచేసినవాళ్ల వంటే ఇప్పుడు ఆ దేశమంతా తినే టిఫిన్ అయింది.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే ఊరికి ఉత్తరాన పాంప్లెమూస్ దగ్గరున్న చక్కెర మ్యూజియానికి వెళ్లండి. 1999లో మూతపడిన ఫ్యాక్టరీని అలాగే ఉంచి మ్యూజియం చేశారు. ఆ కూలీలను ఎందుకు తెచ్చారో ఆ యంత్రాల మధ్య తిరిగితే అర్థమవుతుంది. అందుకే ముందు ఘాట్, తర్వాత మ్యూజియం.

ఇక టికెట్ సంగతి. ఘాట్, మార్కెట్ మీరే నడిచి చూసుకోవచ్చు, ఓడవాళ్ల టూర్ కొనాల్సిన పనిలేదు. గంగా తలావ్‌కో ల మోర్న్‌కో అయితే ఓడవాళ్ల బస్సే మేలు. వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది, మీరు మాట్లాడుకున్న టాక్సీ ఆలస్యమైతే ఆగదు. సాయంత్రం ఊళ్లోకి వచ్చే దారిలో ట్రాఫిక్ ఎక్కువ, ఆ టెన్షన్ వద్దు. ఓడ ఆగేది ఆదివారమో సెలవురోజో అయితే ఘాట్ తెరిచి ఉంటుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.