మొదటి క్యాంపింగ్: గిన్నెలు బోలెడు, మూత ఒక్కటీ లేదు

టెంట్ వేయడం వస్తుందో రాదో అని టెన్షన్ పడ్డాం గానీ, మమ్మల్ని ఏడిపించింది వంట సామానే. నలుగురం, రెండు రాత్రులు. దానికి డిక్కీలో సగం గిన్నెలే: పెద్దవి మూడు, చిన్నవి రెండు, పెనం, అరడజను గరిటెలు. ఆఖరి నిమిషంలో ప్లాస్టిక్ బేసిన్ కూడా పడేస్తే పిల్లలు ఒకటే నవ్వు. తీరా అక్కడ చూసుకుంటే మూత ఒక్కటీ లేదు. లైటర్ కూడా లేదు, పక్క టెంట్ వాళ్లని అడిగి తెచ్చుకున్నాం.

మూతే కదా అనుకోకండి. గాలికి చిన్న స్టవ్ మంట పక్కకి వాలిపోయి, ఎంతసేపున్నా నీళ్లు మరగలేదు. చివరికి స్టీల్ పళ్లెం బోర్లించాం. మరిగాయి సరే, పళ్లెం తీయడానికి పట్టకారు ఏది? టవల్ నాలుగు మడతలు పెట్టి అంచు పట్టుకోగానే ఆవిరి భగ్గున వేళ్లకి తగిలింది.

స్టవ్ చుట్టూ రేకు కట్టేద్దాం అన్నారు మా ఆయన. బర్నర్ కిందే గ్యాస్ డబ్బా ఉండే రకానికి అది ప్రమాదం, వేడంతా డబ్బాకే తగులుతుంది. ఒక పక్కన కాస్త దూరంగా సామాను పెట్టె అడ్డం పెట్టాం, చాలు. టెంట్ లోపల మాత్రం వెలిగించొద్దు. నిప్పు అంటుకోవడం ఒక భయమైతే, వాసన కూడా తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఇంకో భయం.

రెండో రోజు పొద్దున చలికి మంట నీరసించింది. డబ్బా ఊపితే గ్యాస్ ఉంది. డబ్బాలో ఉండే బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గరికొస్తే సరిగా ఆవిరవదు, పైగా వాడేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. కాసేపు దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే దారికొచ్చింది. చల్లటి చోటికైతే, చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్ గ్యాస్ కలిసిన డబ్బా కొనుక్కోండి.

ఐస్‌బాక్స్‌లో ఐస్ ముక్కలకి బదులు గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పెట్టాం. మెల్లగా కరిగాయి, తర్వాత తాగడానికీ పనికొచ్చాయి.

ఇక చోటు సంగతి. మొదటి రాత్రి వాగు ఒడ్డున దిగాం. నీడ, నీళ్ల చప్పుడు, చాలా బాగుంది. కుళాయి మాత్రం రెండు వందల అడుగుల నడక. వాగు పక్కనే ఉన్నా అందులో గిన్నెలు తోమకూడదు, సబ్బు నీళ్లు కనీసం 60 మీటర్ల అవతల పారబోయాలి. చీకట్లో, ఒక చేత్తో టార్చ్ పట్టుకుని, జిడ్డు గిన్నెలతో అన్నిసార్లు తిరిగాక మర్నాడు బాత్‌రూముల దగ్గరి చోటికి మారిపోయాం. రాత్రంతా లైటు, తలుపుల చప్పుడు. అయినా కుళాయి పక్కనే, వంటకి బల్ల కూడా ఉంది. పిల్లలతో మొదటిసారి వెళ్తే నా ఓటు దీనికే.

రెండు పూటలు తోమాక అర్థమైంది, వండేది ఎన్ని రకాలో కాదు, కడిగేది ఎన్ని గిన్నెలో చూసి సర్దుకోవాలి. ఈసారి ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు రెండు, మూత, పట్టకారు, పెనం, చాకు, లైటర్లు రెండు. బేసిన్ మాత్రం తప్పకుండా. అంట్లు మోసింది, కూరగాయలు కడిగింది, ఆఖరి రోజు పిల్లల బురద కాళ్లు కూడా అందులోనే.