రేనైరా–అలిసెంట్ల వైరమా, మటిల్డా–స్టీఫెన్‌ల వైరమా: ఏది మేలు?

హౌస్ ఆఫ్ ది డ్రాగన్ ధారావాహికకు ఆధారమైన కల్పితగాథ వెనుక పన్నెండో శతాబ్దపు ఇంగ్లండులో మటిల్డా, స్టీఫెన్‌ల మధ్య జరిగిన అంతర్యుద్ధం ఉందని అభిమానుల్లో చాలామందికి తెలుసు. కుమార్తెను వారసురాలిగా ప్రకటించిన రాజు, ఆమెకు విధేయులమై ఉంటామని ప్రమాణం చేసిన ప్రభువులు, రాజు కన్నుమూయగానే ఆ ప్రమాణాన్ని తోసిపుచ్చి మరొకరికి పట్టం కట్టడం రెండు చోట్లా ఒకటే. డ్రాగన్ల మంటలను కాసేపు మరచి, ఎదురెదురుగా నిలిచిన మనుషులనూ వారి మధ్య అనుబంధాన్నీ మాత్రమే తూచి చూస్తే త్రాసు ఎటు మొగ్గుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ధారావాహిక సాధించిన అతిపెద్ద విజయం మూలగ్రంథాన్ని మార్చడంలోనే ఉంది. 2018లో వచ్చిన ఆ గ్రంథంలో రేనైరా తండ్రి విసెరిస్ రాజును పెళ్లాడేనాటికి అలిసెంట్‌కు పద్దెనిమిదేళ్లు, రేనైరాకు తొమ్మిదేళ్లు; కాబట్టి అక్కడ ఉన్నది మనకు చిరపరిచితమైన సవతితల్లి కథ. 2022లో వచ్చిన మొదటి సీజన్ వారిద్దరినీ ఒకే ఈడు స్నేహితురాళ్లను చేసింది. చెట్టు కింద నేస్తం ఒడిలో తల పెట్టుకుని పడుకున్న రేనైరా, తనకు చరిత్ర పాఠం చెప్పబోతున్న ఆమె చేతిలోని పుస్తకం నుంచి ఒక పుట చింపి ఇస్తుంది. తొమ్మిది భాగాలు గడిచి, సింహాసనం చేజారిపోయాక, అదే పుట రాయబారి చేతుల మీదుగా రేనైరాకు తిరిగి వస్తుంది. సంభాషణలతో చెప్పబోతే పది నిమిషాలు పట్టే సంగతిని ఆ ఒక్క కాగితం చెప్పేసింది. ఏడో భాగంలో తన కొడుకు కన్ను పోయినందుకు బదులుగా రేనైరా కొడుకు కన్ను కావాలని అలిసెంట్ పట్టుబట్టి, ఎవరూ కదలకపోయేసరికి రాజు కత్తిని తానే లాక్కుని మీదికి వెళ్లే సన్నివేశానికి అంత పదును రావడానికి కారణం కూడా ఈ పాత స్నేహమే. ఇన్నేళ్లూ ధర్మాన్నీ కర్తవ్యాన్నీ పట్టుకు వేలాడిన స్త్రీ అందరి ముందూ అదుపు తప్పడం పరాయివాళ్లకు తమాషా కావచ్చు. చిన్ననాటి నేస్తానికి మాత్రం అది ఎప్పటినుంచో ఎరిగున్న ముఖం.

అయితే ఎనిమిదో భాగం దగ్గర నాకు పేచీ ఉంది. మరణశయ్య మీద ఉన్న విసెరిస్, పక్కన ఉన్నది కూతురే అనుకుని, పూర్వికుడైన ఏగాన్ కన్న కల గురించి ఏదో గొణుగుతాడు. తన కొడుకు ఏగాన్‌ను రాజును చేయమంటున్నాడని అలిసెంట్ అర్థం చేసుకుంటుంది. పదో భాగంలో అలిసెంట్ మరో కొడుకు ఏమండ్ రేనైరా కొడుకును బెదిరించాలనే వెళతాడు గాని, అతని డ్రాగన్ వేగార్ అతని మాట వినకుండా ఆ పిల్లవాడిని చంపేస్తుంది. రాజ్యాన్ని దహించిన యుద్ధం ఆ విధంగా ఒక పొరపాటుతోనూ ఒక ప్రమాదంతోనూ రాజుకుంది. ద్రోణుడి ముందు ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా పలికి, ‘కుంజరః’ అన్న మాటను గొంతులో అణచుకున్నప్పుడు, ఆ సగం మాట వెనుక తెలిసి చేసిన తప్పు ఉంది. అలిసెంట్ విన్న సగం మాట వెనుక అలాంటిదేమీ లేదు. రచయితలు ఆమెను నిందనుంచి కాపాడబోయి, ఆమె చేయాల్సిన నిర్ణయాన్ని ఆమె చేతుల్లోంచి తీసేశారు. 2024 నాటి రెండో సీజన్‌లో రేనైరా మారువేషంలో ప్రార్థనా మందిరానికి వచ్చి ఆమెను నిలదీసినప్పుడు, తాను పొరబడినట్టు అలిసెంట్‌కు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. నటీమణులు ఇద్దరూ ఆ సన్నివేశాన్ని అద్భుతంగా పండించారు, కానీ అది ఇద్దరు బాధితుల కలయికే తప్ప ఇద్దరు ప్రత్యర్థుల కలయిక కాదు.

చరిత్రలోని స్టీఫెన్‌కు ఇలాంటి సాకు లేదు. 1120 నవంబరు 25న వైట్ షిప్ మునిగి మొదటి హెన్రీ రాజు కుమారుడు విలియం చనిపోయాడు; కడుపులో బాగోలేక ఆ ఓడ దిగిపోయి బతికినవాడు రాజు మేనల్లుడు స్టీఫెన్. (కథలో రాస్తే అతిశయోక్తి అంటాం.) రాజు కుమార్తె మటిల్డాను వారసురాలిగా అంగీకరిస్తూ 1127 ఆరంభంలో ప్రమాణం చేసినవారిలో ఆయన కూడా ఉన్నాడు; పైగా తాను ముందు చేయాలంటే తాను ముందు చేయాలని రాజుగారికి పెళ్లి బయట పుట్టిన కుమారుడు రాబర్ట్‌తో పోటీ పడ్డాడు. 1135 డిసెంబరు 1న మేనమామ పోయిన మూడు వారాలకే, 22వ తేదీన, కిరీటం ధరించాడు. రాజు చివరి క్షణాల్లో మనసు మార్చుకున్నాడని హ్యూ బిగాడ్ అనే ప్రభువు ప్రమాణపూర్వకంగా చెప్పాడు. ధారావాహికలోని మరణశయ్య మాటకు చరిత్రలో దగ్గరి పోలిక ఇదే, కాని ఇక్కడ పొరపాటుగా విన్నవారు ఎవరూ లేరు. చెప్పినవాడికీ, నమ్మినట్టు కనబడినవాళ్లకీ తాము ఏం చేస్తున్నారో తెలుసు.

అంతటి పని చేసినవాడు 1139లో మటిల్డా ఆరండెల్‌లో దిగి తనకు చిక్కినప్పుడు, ఆమెను రక్షణతో బ్రిస్టల్‌కు, అంటే తన బద్ధశత్రువు రాబర్ట్ కోటకు, పంపించాడు. 1147లో మటిల్డా కొడుకు హెన్రీ పద్నాలుగేళ్ల వయసులో కిరాయి సైనికులతో ఇంగ్లండు మీదికి వచ్చి వాళ్లకు జీతాలివ్వలేకపోతే, ఆ డబ్బు కూడా స్టీఫెనే ఇచ్చి పంపాడని ఆయన పక్షాన రాసిన చరిత్రకారుడు చెబుతాడు. పక్షపాతం కొంత తీసేసినా మిగిలే మనిషి విచిత్రమైనవాడే: సింహాసనాన్ని లాక్కోవడానికి వెనుకాడనివాడు, దాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం కఠినుడు కాలేకపోయాడు. ఇలాంటి పాత్రను తెర మీదికి తెస్తే స్వభావంలో పొంతన లేదని అభిమానులమే విమర్శిస్తాం.

మటిల్డా విషయంలో నా తూకం అంత నిశ్చింతగా లేదు. 1142 చలికాలంలో ముట్టడిలో ఉన్న ఆక్స్‌ఫర్డ్ కోటనుంచి తెల్లని దుస్తుల్లో మంచు మీదుగా తప్పించుకుపోయిన ఆమెలో సాహసం కనబడుతుంది గాని, రేనైరాకున్నట్టు మనసు విప్పుకునే ఏకాంతం లేదు. చరిత్రకారులు ఆమె అహంకారాన్ని రాశారే గాని దుఃఖాన్ని రాయలేదు. స్టీఫెన్ మీద ఆమెకు ఒకనాడు ఆప్యాయత ఉండేదో లేదో తేల్చే ఆధారం లేదు. స్నేహం విరగడం చూడాలంటే ధారావాహికే మేలు. మాట తప్పిన మనిషిని చూడాలంటే, నా దృష్టిలో, స్టీఫెన్ ముందు అలిసెంట్ తేలిపోతుంది.

నిజానికి అలిసెంట్‌కు సరిజోడీ చరిత్రలో స్టీఫెన్ కాడు, ఆయన భార్య. ఆమె పేరు కూడా మటిల్డాయే; మొదట జర్మనీ చక్రవర్తిని పెళ్లాడినందుకు సామ్రాజ్ఞిగా పేరుపడ్డ మన మటిల్డాకు పినతల్లి కూతురు. 1141 ఫిబ్రవరిలో లింకన్ యుద్ధంలో స్టీఫెన్ పట్టుబడ్డాక, భర్తను విడిచిపెట్టమని ఆమె తరఫున వచ్చిన వేడుకోలును సామ్రాజ్ఞి తిరస్కరించింది. స్టీఫెన్ రాణి ఏడుస్తూ కూర్చోకుండా సైన్యాన్ని కూడగట్టింది. జూన్‌లో లండను ప్రజలు తిరగబడి సామ్రాజ్ఞిని వెళ్లగొట్టారు. సెప్టెంబరులో వించెస్టర్ దగ్గర రాణి సేనలు రాబర్ట్‌ను బంధించాయి. అతన్ని వదిలితేనే స్టీఫెన్‌ను వదులుతామన్న ఒప్పందంతో, ఏ వేడుకోలును కాదన్నారో అదే జరిగింది. అక్కచెల్లెళ్ల వరస, ఒకే పేరు, ఒకరు కాదన్నదాన్ని మరొకరు బలంతో సాధించుకోవడం: ధారావాహిక రచయితలు చెట్టు కింది స్నేహాన్ని అలాగే ఉంచి, సగం విన్న మాటకు బదులు ఈ 1141వ సంవత్సరాన్ని ఎత్తుకొచ్చి ఉంటే, నేను ఈ తూకం వేయవలసిన అవసరమే ఉండేది కాదు.