సానియా: సింగిల్స్ 27 గొప్పా, డబుల్స్ నంబర్ వన్ గొప్పా?

సానియా మీర్జా 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడినప్పటి నుంచీ మా టెన్నిస్ పిచ్చోళ్ళ మధ్య ఒక పేచీ తెగట్లేదు: సింగిల్స్‌లో ఆమె అందుకున్న 27వ ర్యాంకు గొప్పా, డబుల్స్‌లో నంబర్ వన్ ర్యాంకు గొప్పా అని. కలిసిన ప్రతివాడూ నన్నే అడుగుతాడు, ఏది మేలంటావని.

కప్పుల లెక్క తీస్తే డబుల్స్ పక్షానిదే పైచేయి. అక్కడ 43 టైటిళ్ళు. సింగిల్స్‌లో ఒక్కటే, అదీ 2005లో సొంతూరు హైదరాబాద్‌లో. డబుల్స్ ర్యాంకుల్లో 91 వారాలు అగ్రస్థానం. స్విస్ తార మార్టినా హింగిస్‌తో కలిసి 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. ఒక దశలో ఈ జోడీ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. ఆడా మగా జోడీగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ మూడు గ్రాండ్‌స్లామ్‌లున్నాయి, రెండు మహేశ్ భూపతితో, ఒకటి బ్రూనో సోరెస్‌తో. ఏడాదికి నాలుగైదు సార్లు ఆడే ఆట కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నా.

అయినా నా ఓటు 27కే. నేను చూసేది వల అవతల ఎవరున్నారని. సింగిల్స్ తారల్లో చాలామంది డబుల్స్‌ను పెద్దగా పట్టించుకోరు. సింగిల్స్‌లో మాత్రం అందరూ ఉంటారు, తప్పించుకునే దారే లేదు. 2005లో పద్దెనిమిదేళ్ళ ఈ పిల్ల దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాని వరస సెట్లలో ఓడించింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్ళింది (అక్కడ షరపోవా చేతిలో చిత్తయిందనుకోండి). 2007 ఆగస్టుకల్లా 27వ ర్యాంకు. ఇదంతా బలం లేని సర్వీసు పెట్టుకుని, ఫోర్‌హ్యాండ్‌నే నమ్ముకుని! డబుల్స్‌లో ఆ లోటు కప్పడానికి పక్కన మనిషి ఉంటుంది. సానియా కుడివైపు నుంచి ఫోర్‌హ్యాండ్ బాదితే, మిగతాది వల దగ్గర హింగిస్ చూసుకునేది. సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కతే పరుగెత్తాలి.

ఆ పరుగే ఒంటికి పడలేదు. మణికట్టుకు ఆపరేషన్, మోకాళ్ళకు ఆపరేషన్లు. 2013లో సింగిల్స్ వదిలేసింది. ఆ నిర్ణయం తప్పనను, నంబర్ వన్ వచ్చింది దానివల్లే. కానీ ఆమె తర్వాత సింగిల్స్ టాప్ 100లోకి మన దేశపు అమ్మాయి ఒక్కరూ రాలేదేం అని అడిగితే, డబుల్స్ పక్షం వాళ్ళు టీ చెప్పడానికి లేస్తారు.